పారిస్ వెళ్ళకుండానే ఫ్రెంచ్ ఫ్యాషన్ చరిత్ర నేర్చుకోవాలంటే

దిల్‌సుఖ్‌నగర్‌లో నాకు మగ్గం వర్క్ షాపు ఉంది, పదకొండేళ్ళుగా నడుపుతున్నాను. ఏటా వేసవిలో ఫ్యాషన్ డిజైనింగ్ చదివే పిల్లలు ఇద్దరో ముగ్గురో ఇంటర్న్‌షిప్ అని వస్తారు, వచ్చిన వారం లోపే అందరూ అడిగేది ఒకటే: "మేడం, ఫ్రెంచ్ ఫ్యాషన్ మీద అసైన్‌మెంట్ ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" నెట్‌లో వెతికితే షనెల్, డియోర్, ఈఫిల్ టవర్ ఫొటో వస్తాయి. అవి కాపీ చేసి ఇచ్చేస్తారు, మార్కులు కూడా వచ్చేస్తాయి, బుర్రకి మాత్రం ఏమీ ఎక్కదు. ఆ పిల్లలకి నేను చెప్పే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. డిజైనింగ్ చదవకపోయినా, ఫ్రెంచ్ వాళ్ళ బట్టకీ తిండికీ నగకీ అంత పేరు ఎలా వచ్చిందో తెలుసుకోవాలని ఉంటే మీకూ పనికొస్తుంది. నాలుగైదు ఆదివారాలు, ఒక నోట్‌బుక్, కాస్త మైదా, వెన్న ఉంటే చాలు.

ముందు ఒక మాట. ఫ్రాన్స్‌లో పుట్టినవాళ్ళకి అందం సంగతి పుట్టుకతోనే తెలుస్తుంది అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ పేరు ఒక రాజూ ఒక మంత్రీ కూర్చుని లెక్కలు వేసి సంపాదించినది. చేతిపనిలో చాలా భాగం బయటివాళ్ళ దగ్గర నేర్చుకున్నది, అందులో కొంత మన కృష్ణా తీరం నుంచే వెళ్ళింది. అందుకే ఏ ఫ్రెంచ్ వస్తువు కనిపించినా మూడు ప్రశ్నలు వేసుకోమంటాను: దీన్ని చేసిన చేతులు ఎవరివి, చేయించింది ఎవరు, దీనికి పోటీ రాకుండా అడ్డుపడింది ఎవరు. మూడోది అడగడం చాలామంది మర్చిపోతారు, కథంతా అక్కడే ఉంటుంది.

నోట్‌బుక్ మొదటి పేజీలో 1661 అని వేసుకోండి. ఆ ఏడాది ఆగస్టు 17న ఫ్రాన్స్ ఆర్థిక వ్యవహారాలు చూసే ఫూకే, వో-లె-వికోంత్ అనే తన కొత్త భవనంలో 22 ఏళ్ళ రాజు పద్నాలుగో లూయీకి పెద్ద విందు ఇచ్చాడు. రాజుకి కూడా లేనంత వైభవం అది. మూడు వారాలు తిరగకుండానే ఫూకే అరెస్టయ్యాడు, ఇక చచ్చేదాకా జైలే. ఆ ఒక్క రాత్రి కోసమే పట్టుకున్నారని అనుకోవద్దు, అతని లెక్కల మీద అనుమానాలు అంతకుముందే ఉన్నాయి. మనకి కావలసింది ఆ తర్వాత జరిగింది. ఆ భవనం కట్టిన లె వో, లోపల అలంకరించిన లె బ్రన్, తోట వేసిన లె నోత్ర్, ముగ్గురినీ రాజు పారిస్ దగ్గర వెర్సాయిలో తన రాజభవనం పనికి పెట్టుకున్నాడు.

ఫూకే స్థానంలో పైకొచ్చిన కోల్‌బేర్ గురించి మాత్రం ఒక పేజీ నిండా రాయండి, ఈ కథలో నాకు అందరికంటే ముఖ్యమైన మనిషి అతనే. దొరలు కట్టే లేసు వెనిస్ నుంచి వస్తోంది, అద్దాలు వెనిస్ నుంచే వస్తున్నాయి, డబ్బంతా సరిహద్దు దాటిపోతోంది. అతను ఏం చేశాడంటే బయటి లేసు రాకుండా ఆపి, 1665లో ఫ్రాన్స్‌లోనే లేసు కార్ఖానాలు పెట్టించాడు, అదే ఏడాది అద్దాల కార్ఖానా కూడా పెట్టించి, ఆ విద్య దాచుకున్న వెనిస్ పనివాళ్ళని డబ్బు ఆశ చూపించి గుట్టుగా రప్పించాడు. వెర్సాయిలో 1684కి పూర్తయిన అద్దాల హాలులో 357 అద్దాలున్నాయి, అవన్నీ ఫ్రాన్స్‌లో చేసినవే, అంటే ఆ హాలు మొత్తం ఒక షోరూమ్ అన్నమాట. 1682లో రాజు కొలువంతా వెర్సాయికి మార్చాడు. అక్కడ తిరిగే దొరలు, దొరసానులు ఫ్రాన్స్‌లోనే లియోన్ ఊళ్ళో నేసిన పట్టు కట్టాలి, వాళ్ళని చూసి మిగతా యూరప్ కొనాలి. 1672లో మొదలైన మెర్క్యూర్ గాలాన్ పత్రిక ఈ ఏడు ఏ రంగు, ఏ రిబ్బన్ అని రాసేది. కొత్త మోడల్ గౌన్లు తొడిగిన బొమ్మలు దేశదేశాల కొలువులకి వెళ్ళేవి, పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందు మన చీరల షాపులకి సూరత్ నుంచి కేటలాగ్ వచ్చినట్టే. టైలర్ల సంఘంతో పోరాడి 1675లో ఆడవాళ్ళు సొంత కుట్టుపని సంఘం తెచ్చుకున్నారు, ఆడవాళ్ళ బట్టలు ఆడవాళ్ళే కుట్టే హక్కు అప్పుడే వచ్చింది, అయినా రాజసభకి వేసుకునే బిగుతు గౌను మాత్రం మగ టైలర్ల చేతిలోనే ఉండిపోయింది.

రెండో ఆదివారం గోల్కొండకి వెళ్ళండి. పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే పైదాకా ఎక్కలేరు. అక్కడ తలుచుకోవలసిన పేరు టావెర్నియే. ఈ ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి 1630ల నుంచి 1668 దాకా ఆరుసార్లు తూర్పు దేశాలకి వచ్చాడు, గోల్కొండ రాజ్యంలోని గనులు కళ్ళారా చూసి రాసుకున్నాడు. అతను తీసుకెళ్ళిన ఒక పెద్ద నీలి వజ్రాన్ని పద్నాలుగో లూయీ కొన్నాడు. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిదని నిపుణుల అంచనా. 1673లో దాన్ని సానబెడితే సుమారు 67 క్యారెట్లకి దిగింది. 1792లో, ఫ్రెంచ్ విప్లవం గొడవల్లో, రాజు నగలతోపాటు దొంగతనానికి గురైంది, తర్వాత ఇంకా చిన్నదై హోప్ డైమండ్ అనే పేరుతో ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది, 45.52 క్యారెట్లు. కొల్లూరు గని ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఫ్రాన్స్ రాజు మెడలో మెరిసిన రాయి ఎక్కడ దొరికిందో చూద్దామన్నా చూడలేం, ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక బట్ట దగ్గరికి రండి, ఇక్కడ మాత్రం తొందరపడకండి, రెండు ఆదివారాలైనా ఇవ్వండి.

పెడన కలంకారి ఒక మీటరు కొనండి, శిల్పారామంలోనో చేనేత ఎగ్జిబిషన్‌లోనో దొరుకుతుంది. స్క్రీన్ ప్రింట్‌ని కూడా కలంకారి అనే అమ్ముతారు, కాబట్టి కొనేముందు వెనక్కి తిప్పి చూడండి. చెక్క అచ్చుతో వేసిన దానిలో ఒక అచ్చు అంచు పక్క అచ్చు అంచుతో కలిసే చోట గీత వెంట్రుకంత అటూ ఇటూ అవుతుంది, నలుపు గీత అంతటా ఒకే లావు ఉండదు. వెనక వైపు కూడా రంగు కొంత దిగి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త గుడ్డ మీద కాస్త వగరు వాసన వస్తుంది, అది కరక్కాయది.

పని జరిగేది ఇలా. గుడ్డని కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరేస్తారు. నల్లగీతకి ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళు వాడతారు. ఎరుపు కావలసిన చోట రంగు వెయ్యరు, పటిక నీళ్ళతో అచ్చు వేస్తారు. తర్వాత గుడ్డ మొత్తాన్ని రంగు చెక్కలో, వేళ్ళలో ఉడకబెడితే పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, పూర్వం దీనికి చిరివేరు వాడేవాళ్ళు. అలా పట్టిన రంగు ఉతికినా అంత తేలిగ్గా పోదు. 17వ శతాబ్దపు యూరప్‌కి నూలు గుడ్డ మీద ఇలా నిలిచే రంగు వెయ్యడం రాదు. అందుకే ఈ గుడ్డ ఓడల్లో అక్కడికి చేరగానే జనం ఎగబడ్డారు. ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1669లో గోల్కొండ సుల్తాన్ దగ్గర ఫర్మానా, అంటే అనుమతి పత్రం, తీసుకుని మచిలీపట్నంలో వ్యాపారానికి కొఠీ పెట్టారు, అక్కడ ఫ్రెంచిపేట అనే పేరు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మూడో ప్రశ్న అడగండి. పట్టు, ఉన్ని నేసేవాళ్ళు తమ వ్యాపారం పోతోందని గోల పెట్టారు, 1686లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఈ అద్దకం గుడ్డల్ని నిషేధించింది. బయటి నుంచి తేవడమే కాదు, అక్కడే అచ్చు వెయ్యడం కూడా తప్పే. కట్టుకున్నవాళ్ళకి జరిమానాలు పడ్డాయి, దొంగరవాణా చేసినవాళ్ళకి కఠిన శిక్షలు పడ్డాయి. అయినా జనం మానలేదు, రాజుగారి కొలువులోనే వేసుకు తిరిగారు. 1759 దాకా, అంటే 73 ఏళ్ళు ఆ నిషేధం నడిచింది.

ఆ 73 ఏళ్ళలో ఇంకో పని జరిగింది. కెర్దూ అనే ఫ్రెంచ్ జెస్యూట్ ఫాదర్ మన వైపు ఉండి తెలుగు నేర్చుకున్నాడు, తెలుగు, ఫ్రెంచ్, సంస్కృతం కలిపి నిఘంటువు కూడా తయారుచేశాడు. ఆయనే 1742లో ఈ అద్దకం పని ఎలా చేస్తారో పనివాళ్ళని అడిగి తెలుసుకుని, కరక్కాయ దగ్గర నుంచి ఉతుకు దాకా విడమరిచి ఫ్రాన్స్‌కి ఉత్తరం రాశాడు. తన భాషలో ప్రేమగా అడిగిన మనిషికి మనవాళ్ళు దాచకుండా చెప్పి ఉంటారు, ఆ ఉత్తరం తలుచుకుంటే నాకు గర్వమూ బాధా రెండూ కలుగుతాయి. నిషేధం తీసేసిన మరుసటి ఏడాదే, 1760లో, ఒబెర్‌కాంఫ్ అనే జర్మన్ యువకుడు వెర్సాయి దగ్గరి జూయీ ఊళ్ళో అద్దకం కార్ఖానా పెట్టాడు. గొర్రెల కాపరులు, చెట్లు, పక్షులు ఉండే ఆ ఒక్క రంగు బొమ్మల గుడ్డని ట్వాల్ ద జూయీ అంటారు, ఈ రోజు డియోర్ కంపెనీ బ్యాగుల మీద కనిపించే బొమ్మ అదే. ఫోన్‌లో ఆ బ్యాగు ఫొటో తీసి, పక్కన మీ కలంకారి మీటరు పరిచి, రెంటినీ చూస్తూ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఈ ఒక్క పని చేసినా మీ అసైన్‌మెంట్ క్లాసులో ఎవరిదానిలా ఉండదు.

మగ్గం దగ్గరికి వస్తే అది నా ఇలాకా. లండన్ నేషనల్ గ్యాలరీలో 1763-64లో ద్రువే వేసిన మదామ్ ద పాంపడూర్ బొమ్మ ఉంది, నెట్‌లో పెద్ద సైజులో చూడొచ్చు. ఆవిడ పదిహేనో లూయీ ప్రియురాలు, ఫ్రెంచ్ అభిరుచి అంతటికీ కొంతకాలం ఆవిడే లెక్క. బొమ్మలో పూల గౌను వేసుకుని ఒక ఫ్రేము ముందు కూర్చుని ఉంటుంది. మా కార్ఖానాలో పనిచేసే మాస్టర్‌కి ఆ బొమ్మ చూపిస్తే ముఖం చూడలేదు, చేతులు చూశాడు. "ఆరి పని కదా మేడం ఇది" అన్నాడు. అవును, గుడ్డని బిగించి, కొక్కెం ఉన్న సూదితో గొలుసుకుట్టు లాగే ఈ పని 18వ శతాబ్దంలో తూర్పు దేశాల నుంచి యూరప్‌కి వెళ్ళింది. ఫ్రెంచ్ వాళ్ళు ఆ ఫ్రేముని డోలు అనే అర్థంతో తాంబూర్ అన్నారు. తర్వాత లునెవిల్ ఊళ్ళో ఆ సూదితోనే పూసలు, చమ్కీలు కుట్టడం పెంచుకున్నారు, పారిస్ పెద్ద డిజైనర్ల గౌన్ల మీద మెరిసేది ఆ పనే.

తేడా ఎక్కడో తెలియాలంటే దగ్గరలో ఏ మగ్గం వర్క్ షాపుకైనా వెళ్ళి, అడిగి, పక్కన కూర్చోండి. మన మాస్టర్ గుడ్డ మంచివైపు పైకి పెట్టి పనిచేస్తాడు, పూస కళ్ళెదురుగా సూది మీదికి ఎక్కుతుంది. లునెవిల్ పద్ధతిలో గుడ్డ తిరగేసి ఉంటుంది, పూసలన్నీ ముందే దారానికి గుచ్చి కింద వేలాడతాయి, కుట్టేవాళ్ళకి పూస కనపడదు, వేలికి తగిలితేనే తెలుస్తుంది. మాస్టర్ ఒకసారి నాతో అన్న మాట: "అందరూ పై చెయ్యే చూస్తారు మేడం, దారం అందించేది కింద చెయ్యి. అది తప్పితే సూది ఖాళీగా వస్తుంది." కాబట్టి మీరు కూర్చునేటప్పుడు నేల మీద కూర్చుని మగ్గం కిందికి చూడండి.

అదే పేజీలో ఇంకో రెండు పేర్లు. రోజ్ బెర్టిన్, రాణి మేరీ ఆంత్వానెత్‌కి బట్టలు సిద్ధం చేసిన ఆవిడ. పారిస్‌లో ఆవిడ షాపు పేరు 'గ్రాండ్ మొగోల్', అంటే మన మొఘల్ పాదుషా పేరే బోర్డు మీద. రెండోది వర్త్. ఈయన ఇంగ్లిష్ వాడు, 1858లో పారిస్‌లో సొంత హౌస్ పెట్టాడు. అంతకుముందు దర్జీ ఇంటికొచ్చి అమ్మగారు చెప్పినట్టు కుట్టేవాడు. వర్త్ తనే డిజైన్ గీసి, బతికున్న మోడల్స్‌కి తొడిగి చూపించి, ఇందులో ఏది కావాలో చెప్పమన్నాడు, గౌనులో తన పేరున్న లేబుల్ కుట్టాడు. కస్టమర్ కంటే కుట్టించినవాడి పేరు పెద్దదైంది అక్కడి నుంచే. పంజాగుట్టలో, బంజారాహిల్స్‌లో డిజైనర్ బోర్డు చూసినప్పుడల్లా నాకు వర్త్ గుర్తొస్తాడు. ఓట్ కుట్యూర్, అంటే కొలతలు తీసుకుని ఒక్కొక్కరికీ చేత్తో కుట్టే ఖరీదైన డిజైనర్ బట్టలు, అనే మాటని ఎవరు పడితే వాళ్ళు వాడకూడదని ఫ్రాన్స్ 1945లో చట్టపరంగా కట్టడి చేసింది, చూశారా, మళ్ళీ మూడో ప్రశ్నే.

వంట సంగతి ఇంట్లోనే తేలుతుంది. ఫ్రెంచ్ వంట మొదటి నుంచీ చప్పగా లేదు. అక్కడి దొరల ఇళ్ళలో అల్లం, దాల్చినచెక్క, లవంగాలు, కుంకుమపువ్వు దట్టంగా పడేవి, ఎందుకంటే మసాలా అంటే డబ్బున్నవాడని అర్థం. 17వ శతాబ్దంలో ఓడల మీద మసాలాలు ఎక్కువగా వచ్చి ధర దిగేసరికి ఆ గొప్ప పోయింది, పెద్దింటి వంటవాళ్ళు వెన్న, పుట్టగొడుగులు, తాజా ఆకుల వైపు తిరిగారు. 1651లో లా వరెన్ అచ్చువేసిన వంటపుస్తకంలో ఆ మార్పు తెలుస్తుంది. మసాలా వాసనతో కాకుండా కూరగాయ తన రుచి తనకి ఉండాలని వాళ్ళు పట్టుబట్టడం నాకు చాలా నచ్చుతుంది, రోజూ కూరలో కారం వేసుకునే నోటితోనే చెబుతున్నాను.

బెషమెల్ అనే తెల్లటి పాల సాస్ చేసి చూడండి. 30 గ్రాముల వెన్న సన్నమంట మీద కరిగించి, నురగ అణిగాక 30 గ్రాముల మైదా వేసి గరిటె ఆపకుండా రెండు నిమిషాలు కలపండి. పచ్చి వాసన పోయి బిస్కెట్ వాసన రావాలి, రంగు మాత్రం మారకూడదు. అర లీటరు గోరువెచ్చని పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కవ్వంతో తిప్పండి, ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది. ఉప్పు వేసి, పది నిమిషాలు సన్నగా ఉడకనివ్వండి, గరిటె వెనక వేలితో గీత గీస్తే గీత నిలవాలి. చివర్లో చిటికెడు జాజికాయ. పాత మసాలాల్లో ఇందులో మిగిలింది ఆ చిటికెడే. మజ్జిగ పులుసులో శనగపిండి చేసే పనే ఇక్కడ మైదా చేస్తుంది. పాల బదులు చికెన్ ఉడికిన నీళ్ళు పోస్తే వెలూతే, బెషమెల్‌లో చీజ్ తురిమితే మోర్నే. ఇలా తల్లి సాస్‌లు, వాటి పిల్లలు అని 19వ శతాబ్దం మొదట్లో వరస పెట్టినవాడు కారేమ్, తర్వాత 1903లో తన పుస్తకంతో ఆ వరసని హోటల్ కిచెన్లకి సరిపోయేలా సర్దినవాడు ఎస్కోఫియే. వంటగదిలో ఎవరి పని ఏదో విడగొట్టి, సాస్‌కి ఒకరు, వేపుడికి ఒకరు అని పెట్టింది కూడా ఎస్కోఫియేనే, మన స్టార్ హోటళ్ళ కిచెన్లు ఇప్పటికీ అలాగే నడుస్తాయి.

రెస్టారెంట్ అనే మాటకి మొదటి అర్థం ఒంట్లో సత్తువ తెచ్చే సూప్. 1760లలో పారిస్‌లో అలాంటి సూప్ అమ్మే చోట్లకి ఆ పేరు వచ్చింది. 1789 విప్లవం తర్వాత దొరల ఇళ్ళలో పని పోయిన వంటవాళ్ళు కొందరు సొంతంగా రెస్టారెంట్లు తెరిచారు, అయితే బోవిలియేది లాంటి పెద్ద రెస్టారెంట్ విప్లవానికి ముందే, 1782లోనే ఉంది. కాబట్టి అంతా విప్లవం వల్లే అని రాయకండి.

రాయకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. ఇటలీ నుంచి కోడలుగా వచ్చిన కాథరిన్ ద మెదిచి ఫ్రెంచ్ వాళ్ళకి వంట నేర్పిందనేది తర్వాత అల్లిన కథ. రొట్టె లేకపోతే కేకు తినమని మేరీ ఆంత్వానెత్ అన్నట్టు ఆధారం లేదు. నెలవంక ఆకారంలో ఉండే వెన్న రొట్టె క్రువాసాఁ పారిస్‌లో పుట్టలేదు, 1830ల చివర్లో వియన్నా నుంచి వచ్చిన జాంగ్ తన బేకరీలో అమ్మిన దాని నుంచి వచ్చింది. ఇవి రాస్తే తెలిసిన మాస్టారు వెంటనే పట్టుకుంటారు.

చివరి ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియం. శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. గడియారం దగ్గర గుంపు చూసి ఆగిపోకుండా పాశ్చాత్య గ్యాలరీలకి వెళ్ళి, సెవ్ర్ పింగాణీ ముందు పది నిమిషాలు నిలబడండి. పాంపడూర్ అండతో పెరిగిన రాజుగారి కార్ఖానా అది, 1756లో వెర్సాయి దారిలోని సెవ్ర్‌కి మారింది. చైనా వాళ్ళలాంటి గట్టి పింగాణీకి కావలసిన తెల్లమట్టి ఫ్రాన్స్‌లో 1768లో గానీ దొరకలేదు. పింగాణీ, లేసు, అద్దం, కలంకారి, నాలుగూ ఒకే వరసలో పెట్టి చూస్తే కోల్‌బేర్ మొదలుపెట్టిన పద్ధతి మీకే తెలిసిపోతుంది. అక్కడి నుంచి పురానీ హవేలీ దగ్గరే. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా అక్కడ ఉంది, 176 అడుగుల పొడవు, రెండు అంతస్తులు.

ఓపిక ఉంటే మూసారాంబాగ్ గుట్ట మీది రేమండ్ సమాధి కూడా చూడండి, నిజాం దగ్గర సైన్యం నడిపి 1798లో చనిపోయిన ఫ్రెంచ్ వాడు. మా షాపుకి దగ్గరే. అతనికీ ఫ్యాషన్‌కీ సంబంధం లేదు, అసైన్‌మెంట్‌లో ఇరికించకండి. ఫ్రాన్స్‌తో హైదరాబాద్ బంధం కావాలంటే 1931 నవంబర్ 12 రాయండి, ఆ రోజు ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఏడో నిజాం కొడుకులిద్దరికీ టర్కీ రాజవంశపు దురుషెహ్వార్, నిలోఫర్‌లతో పెళ్ళిళ్ళయ్యాయి. నిలోఫర్ చీరకట్టు గురించి ఇక్కడి పెద్దవాళ్ళు ఇంకా చెబుతారు. ఆవిడ చివరి రోజులు పారిస్‌లోనే గడిచాయి.

రాసేటప్పుడు ఒక్క వస్తువే ఎంచుకోండి, మూడు ప్రశ్నలకీ జవాబులు రాయండి, దాని వెనక వైపు ఫొటో తప్పకుండా పెట్టండి. మగ్గం కిందికి చూడటానికి మీ దగ్గరలో ఎవరూ ఒప్పుకోకపోతే మా దగ్గరికి రండి. ఆదివారం మాస్టర్ ఉండరు, శనివారం పదకొండు తర్వాత రండి, నేల మీద కూర్చోవడానికి వీలైన బట్టలు వేసుకుని రండి.